ఆవు నడిచిన దారి

పోయిన వారం మనం ఏమస్ స్కార్‌స్టాడ్‌ని చేతిలో మాంసం కోసే కత్తితో, నోట్లో సగం మాటతో వదిలి వచ్చాం.

అప్పటికి జరిగింది ఇది. మంగళవారం సాయంత్రం పడిన పిడుగుల వానకి ఏమస్ బీడుకీ, అతని బావమరిది వెండెల్ ప్రూయిట్ బీడుకీ మధ్యనున్న ముళ్లతీగ కంచె కూలింది. రెండు మందలూ కలిసిపోయాయి. మూడేళ్లుగా మాటల్లేని ఆ ఇద్దరూ బుధవారం పొద్దున్నే వానలో గుర్రాలెక్కి, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఎవరి పశువుల్ని వాళ్లు వేరు చేసుకుపోయారు. శనివారం ఏమస్ ఇంటి ముందు కొన్నవాళ్ల విందు. తన దగ్గర ఆంబోతులు కొన్న ఆసాములందరికీ అతను ఏడాదికోసారి పెట్టే భోజనం. గుంటలో నిప్పుల మీద మగ్గిన మాంసం పైకి తీసి, అతను మొదటి ముక్క కోస్తుండగా పిలవని బండి ఒకటి గేటు దాటి వచ్చింది. దాని వెనక పశువుల ట్రెయిలర్. అందులోంచి ఒక ఆవు అరుపు.

బండి దిగినవాడు వెండెల్.

బల్లల దగ్గరున్న డెబ్బై మందీ అటు తిరిగారు. దూరంగా గుంట దగ్గర, పొగలో, పళ్లేలు అందిస్తున్న ఏమస్ కూతురు థియా ఒక్కతే ఇంకా ఏమీ చూడలేదు.

"భోజనానికి రాలేదులే బావా, కంగారు పడకు" అన్నాడు వెండెల్. "నా దూడ కోసం వచ్చాను."

"ఇక్కడ నీ దూడలు లేవు."

"ఆ సంగతి ఈ ఆవుకి చెప్పు. మూడు రోజులైంది ఇది గడ్డి ముట్టి. నా మందని ఇంటికి దక్షిణాన ఉన్న బీట్లోకి తోలాను కదా. ఇది మాత్రం ఉత్తరం కంచె పట్టుకుని వదలదు. ఉత్తరం వైపు మొహం పెట్టి ఒకటే అరుపు. నాకు ఉత్తరాన ఎవరున్నారు?" వెండెల్ బల్లల వైపు తిరిగాడు. "మీరే చెప్పండి. ఎవరున్నారు?"

ఎవరూ చెప్పక్కర్లేదు. ఉత్తరాన ఏమస్ ఉన్నాడు.

"దూడని వెతుక్కోడానికి మంచి టోపీయే పెట్టుకొచ్చావు వెండెల్" అంది ఇర్మా జింక్. ఆపిల్ పైలు తెచ్చేది ఆవిడే. ఆవిడ నోటికి ఈ జిల్లాలో ఎవరూ ఎదురు చెప్పరు.

రెండు మూడు నవ్వులు వినపడ్డాయి. వెండెల్ నవ్వలేదు. నేరుగా ముందున్న చిన్న దొడ్డి దగ్గరికి నడిచాడు. అందులో తల్లితోపాటు ఆ ఏటి మేలు దూడ ఉంది. డీకన్ అనే పెద్ద ఆంబోతుకి పుట్టిన కోడె. ఎర్ర ఒళ్లు, తెల్ల మొహం, వెడల్పాటి వెన్ను. ఆ రోజు వచ్చిన వాళ్లలో సగం మంది దాన్ని చూడటానికే వచ్చారు. వెండెల్ కంచె పట్టీల మధ్య నుంచి చెయ్యి పెట్టి దూడ చెవి పట్టుకున్నాడు.

"రండి, వచ్చి చూడండి. ఈ గుర్తు బిళ్ల కొత్తది. చెవికున్న కన్నం ఇంకా పచ్చిగా ఉంది. మార్చిలో పుట్టిన దూడకి జూన్‌లో పచ్చి కన్నం ఏమిటి?"

వాళ్లంతా పశువుల మనుషులు. లేచి వచ్చారు. చూశారు. కన్నం చుట్టూ నెత్తురు గడ్డ కట్టి ఉంది.

"పాత బిళ్ల కంచె తీగకి చిక్కి ఊడిపోయింది. గురువారం కొత్తది వేశాను" అన్నాడు ఏమస్.

"నీ చోట నేనున్నా అదే చెప్పేవాణ్ని బావా. బిళ్ల గుచ్చడానికి అర నిమిషం పడుతుంది. దూడలకి యజమాని వాతలు ఇంకా వెయ్యలేదు. మీ దూడలూ నా దూడలూ ఒక్క డీకన్ రక్తమే. మా అక్క బతికుండగా నీ దగ్గరే కొన్న ఆంబోతు కదా నాది. చీకట్లో చూసినా పగలు చూసినా తేడా తెలీదు."

ఆ అక్క ఏమస్ భార్య. లవాన్ రెండు నెలలు మంచంలో ఉంది. నాలుగు మైళ్ల దూరంలో ఉన్న తమ్ముడు ఒక్కసారి రాలేదు. పాతిపెట్టిన రోజు కొత్త టోపీతో వచ్చాడు. సమాధి మీద మట్టి ఇంకా కప్పుతుండగానే, వాళ్లమ్మ వాటాకి వచ్చిన బీడు సంగతి ఎప్పుడు తేల్చుకుందామని అడిగాడు. ఆ రోజు నుంచి ఏమస్ అతనితో మాట్లాడలేదు. ఆ ఇంటివాళ్లతో మాట్లాడితే ఈ గడప తొక్కక్కర్లేదని కూతురికి కూడా చెప్పాడు. అలాంటివి మర్చిపోయే మనిషి కాదు అతను. మర్చిపోవాలని ప్రయత్నించిందీ లేదు.

కానీ ఇప్పుడు ప్రశ్న అది కాదు. ప్రశ్న డెబ్బై మొహాల మీద ఉంది.

ఆంబోతును కొనేవాడు ఒళ్లు చూసి కొంటాడు, నడక చూసి కొంటాడు. కానీ దాని తల్లి ఎవరో, తండ్రి ఎవరో కంటితో చూసి చెప్పలేడు. అమ్మేవాడి మాట నమ్మాలి. ఏమస్ తండ్రి ముప్పై ఐదేళ్లు ఆ మాట మీద బతికాడు. ఏమస్ ముప్పై ఏళ్లు బతికాడు. స్కార్‌స్టాడ్ ఇది ఫలానా ఆవు దూడ అన్నాడంటే అది ఆ ఆవు దూడే. వానలో పక్కవాడి దూడని లాక్కుని చెవికి తన బిళ్ల గుచ్చాడని ఒక్కసారి పేరు పడితే ఏటా ఫిబ్రవరిలో జరిగే ఆంబోతుల అమ్మకానికి ఒక్క బండి రాదు. ఆ తరవాత ఏ ఫిబ్రవరికీ రాదు.

గుంపులోంచి బర్డెట్ హోయిల్ ముందుకి వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లవాడు. ఏమస్ తండ్రి దగ్గర మొదటి ఆంబోతుని కొన్నవాడు. ఈ గుట్టల్లో అతను ఎవరి దగ్గర కొంటే మిగతావాళ్లూ వాళ్ల దగ్గరే కొంటారు.

"అబ్బాయ్ ఏమస్, నేను అడగక తప్పదు" అన్నాడు. "బుధవారం వేరు చేసినప్పుడు జతలు కుదిరేదాకా ఆగావా?"

మందని కదిలించాక గంటో రెండు గంటలో ఊరికే నిలబెట్టాలి. ప్రతి ఆవూ తన దూడని వెతుక్కుని పాలిచ్చేదాకా ఆగాలి. అది ఇక్కడ పదేళ్ల పిల్లకి కూడా తెలిసిన పద్ధతి.

"లేదు" అన్నాడు. "వాన పడుతోంది. ఎదురుగా వాడున్నాడు. బిళ్లలు చూసి తోలేశాను."

గుంపు కదిలింది. అబద్ధం చెప్పి ఉంటే ఆ క్షణం గట్టెక్కేవాడు. ఏమస్‌కి అది చేతకాదు. అతని లోపల కూడా ఆ చిన్న ముల్లు మూడు రోజులుగా గుచ్చుకుంటూనే ఉంది. వానలో, కళ్లలోకి నీళ్లు కారుతుంటే, నూటపది దూడల్లో ఒకటి తప్పిపోయి ఉంటే?

ఏమస్ కత్తిని బల్ల మీద పెట్టాడు.

"అందరూ వినండి. దొడ్లోని తల్లినీ దూడనీ వెనక బీట్లో ఉన్న మందలోకి వదిలేస్తాను. ఈ ఆవునీ వదలండి. ఎవరూ తోలొద్దు. ఎవరూ అడ్డం రావొద్దు. కుక్కల్ని కట్టెయ్యండి. నా మందలో దీని దూడ ఉంటే, నేను దొంగనని నా నోటితో నేనే చెప్తాను. అమ్మకం ఎత్తేస్తాను. లేకపోతే ఇది ఎటు పోతే అటు, ఆగేదాకా దీని వెనక పోదాం. గేటు అడ్డమొస్తే గేటు తీద్దాం. కంచె అడ్డమొస్తే కంచె విప్పుదాం. ఒప్పుకుంటావా?"

మూడేళ్లలో బావ తనతో నేరుగా అన్న మాటల్లో అదే పొడుగైనది. వెండెల్ భుజాలు ఎగరేశాడు.

"ఒప్పుకోక? దాన్ని తెచ్చిందే అందుకు."

ట్రెయిలర్ తలుపు తీశారు. ఆవు వెనక్కి అడుగులేస్తూ దిగింది. పక్కటెముకల మీద వెండెల్ వాత. పొదుగు రాయిలా బిగిసిపోయి ఉంది. నడుస్తుంటే చన్నుల నుంచి పాలు చుక్కలుగా కారి దుమ్ములో పడుతున్నాయి. ఆడవాళ్లు కొందరు అయ్యో అన్నారు. ఆవు ఎవర్నీ చూడలేదు. తల దించుకుని మందలోకి వెళ్లింది.

మంద అంతా లేచింది. నూటపది ఆవులు, నూటపది దూడలు, దేని జతని అది పిలుస్తూ గోల. జనం కంచె పట్టీల మీద వరసగా ఎక్కి కూర్చున్నారు. వాళ్లకి ఇది చర్చిలో కన్నా ఎక్కువ శ్రద్ధగా చూడాల్సిన విషయం.

ఆవు ఒక్కో దూడ దగ్గరికి వెళ్లి తోక కింద వాసన చూస్తోంది. ఆవు దూడని కళ్లతో గుర్తుపట్టదు. అరుపు దగ్గరికి రప్పిస్తుంది. ముక్కు తేల్చి చెప్తుంది. ఒకటి. కాదు. రెండోది. కాదు. దారికడ్డం వచ్చిన దూడని నుదుటితో తోసేసింది. ఇరవై, ముప్పై. ఏమస్ లెక్కపెట్టడం మానేసి కంచె కొయ్యని పట్టుకున్నాడు.

అప్పుడు డీకన్ కొడుకు తనంతట తను ఆ ఆవు వైపు నడిచింది.

దానికి పాల వాసన తగిలింది. పొద్దుట నుంచి జనం ముందు నిలబెట్టారు, ఆ గోలలో తల్లి దగ్గర సరిగ్గా తాగలేదు. నేరుగా వస్తోంది. వెండెల్ కంచె మీద లేచి నిలబడ్డాడు. "చూడండి" అన్నాడు. "ఇప్పుడు చూడండి."

దూడ ఎటు నుంచి వస్తుందోనని ఏమస్ చూస్తున్నాడు.

సొంత దూడ పక్క నుంచి వస్తుంది. తోకని తల్లి ముక్కు దగ్గర పెట్టి, తల్లి వాసన చూస్తుండగా నిశ్చింతగా తాగుతుంది. పరాయి ఆవు దగ్గర పాలు దొంగిలించే దూడ వెనక నుంచి వస్తుంది. కాళ్ల మధ్య తల దూర్చి, ముక్కుకి అందకుండా, దొరికినంత లాగుతుంది. కంచె మీద కూర్చున్న డెబ్బై మందికీ ఈ తేడా తెలుసు.

డీకన్ కొడుకు ఒక్క క్షణం ఆగింది. చుట్టూ తిరిగింది. వెనక్కి వెళ్లి కాళ్ల మధ్య తల దూర్చింది.

ఆవు కాలెత్తి తన్నిన తన్నుకి ఆ మేలు దూడ మూతి పక్కకి తిరిగింది. అది తోకెత్తి పరిగెత్తి, అవతల తన కోసం అరుస్తున్న తల్లి పక్కకి పోయి, పక్క నుంచి పొదుగు పట్టుకుంది. తల్లి దాని తోక వాసన చూసి, నాకి, నెమరు మొదలెట్టింది.

"దొంగ దొరికాడురోయ్" అన్నాడు బర్డెట్. "పాల దొంగ."

నవ్వులు ఆ చివర నుంచి ఈ చివరకి పాకాయి. ఊపిరి బిగబట్టి ఉన్న జనం నవ్విన నవ్వు అది. ఏమస్ నవ్వలేదు. కానీ కొయ్య మీద నుంచి చెయ్యి తీశాడు.

ఆవు ఆగలేదు. మిగిలిన దూడలన్నిటినీ చూసింది. చివరిదాన్ని కూడా వాసన చూసి వదిలేసి, మంద అంచున నిలబడి చెవులు నిక్కించింది. గాలి దక్షిణం నుంచి వీస్తోంది. తలెత్తి ఒక్క అరుపు అరిచింది. తరవాత గుట్ట వైపు నడక మొదలెట్టింది. వెనక్కి, దక్షిణానికి. వెండెల్ బీడు వైపు.

"ఇంటికి పోతోంది. అలిసిపోయింది" అన్నాడు వెండెల్.

"ఒప్పందం గుర్తుందా?" అన్నాడు ఏమస్. "ఆగేదాకా."

గేటు తీశారు. ఆవు ముందు, జనం వెనక. కొందరు నడిచి, కొందరు గుర్రాల మీద, ముసలివాళ్లు గడ్డి లాగే బల్లబండి మీద. ఇర్మా జింక్ చేతిలో ఆపిల్ పైల పళ్లెం అలాగే ఉంది, కింద పెట్టడం మర్చిపోయింది. గుంట దగ్గరున్న వాళ్లు కూడా పరిగెత్తుకొచ్చి కలిశారు. థియా వచ్చి తండ్రి పక్కన నడవసాగింది. నుదుటి మీద మసి. ఏం జరుగుతోందని పక్కవాళ్లని అడిగింది. చెప్పారు. ఆ తరవాత ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు.

సరిహద్దు కంచె దగ్గర ఆవు ఆగింది. బుధవారం కొత్తగా బిగించిన తీగల మీద గంగడోలు ఆనించి అరిచింది.

"నీ వైపు నువ్వే విప్పు" అన్నాడు ఏమస్.

వెండెల్ బల్లబండి మీదున్న పట్టకారు తెచ్చి తీగలు విప్పాడు. చేతులు కొంచెం తొందరపడ్డాయి. ముల్లు గీసుకుని బొటనవేలి నుంచి నెత్తురు కారింది. ఎవరూ జేబురుమాలు ఇవ్వలేదు.

కంచె దాటగానే ఆవు నడక మారింది. పరుగు కాదు గానీ దాదాపు పరుగు. పొదుగు అటూ ఇటూ ఊగుతోంది. గుట్ట దిగితే కింద వెండెల్ పాత చెక్క కొట్టం ఉంది. చలికాలం చివర ఈనే ఆవుల్ని పెట్టడానికి తప్ప దాన్ని వాడరు. మంద దక్షిణానికి పోయింది కనక ఆ బీడంతా ఖాళీ. మూడు రోజులుగా అక్కడికి ఎవరూ పోయే పని లేదు.

ఆవు కొట్టం తలుపు దగ్గర ఆగింది. చెక్కకి ముక్కు ఆనించింది. ఈసారి అరవలేదు. గొంతులో, లోపల, దూడకి మాత్రమే వినిపించేలా గొణిగింది.

లోపల నుంచి దూడ పలికింది.

గుట్ట మీద ఉన్నవాళ్లకి కూడా వినపడింది. తరవాత ఆ డెబ్బై మంది ఒక్కసారిగా వేసిన కేకకి ఆవు బెదిరింది. టోపీలు గాల్లోకి లేచాయి. ఎవడో ఏమస్ వీపు మీద గట్టిగా చరిచాడు. ఇంకొకడు చరిచాడు. ఇర్మా జింక్ పైల పళ్లెం బల్లబండి మీద పెట్టేసి రెండు చేతులతో ఏమస్ చెయ్యి పట్టుకుని ఊపింది. "లవాన్ ఉంటే ఇవాళ నాట్యం చేసేది" అంది.

"వెండెల్" అన్నాడు బర్డెట్. "నీ ఆవు తలుపు తియ్యమంటోంది."

వెండెల్ అడ్డగడియ ఎత్తాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. వెలుతురు పడగానే దూడ కుంటుతూ లేచింది. ఎర్ర ఒళ్లు, తెల్ల మొహం, చెవికి వెండెల్ పసుపు బిళ్ల. ముందు కాలికి కట్టు కట్టి ఉంది. దూడ పక్క నుంచి వచ్చి తోకని తల్లి ముక్కు దగ్గర పెట్టింది.

"కాలికి కట్టు కట్టి, కొట్టంలో పెట్టి గడియ వేసి, ఊరి మీద పడ్డావన్నమాట" అన్నాడు బర్డెట్.

"నేను కట్టలేదు. నేను ఈ తలుపు మార్చి నెల తరవాత తియ్యలేదు."

"మరి మీ పనివాడు?"

"పనివాడు లేడు. వాడు మానేసి రెండు నెలలైంది."

"అయితే దూడే కట్టు కట్టుకుని, లోపలికి పోయి, బయట గడియ వేసుకుందంటావు" అన్నాడు గుర్రం మీద ఉన్న ఒకడు.

ఈసారి నవ్వులో జాలి లేదు. వెండెల్ ఒక్కొక్కరి మొహం చూశాడు. తనని నమ్మే మొహం ఒక్కటీ కనపడలేదు.

ఏమస్ ముందుకి వచ్చాడు. మూడేళ్లు ఎదురుచూసిన రోజు ఇలా ఉంటుందని అతను అనుకోలేదు. కానీ వచ్చింది కనక దాన్ని పూర్తిగా తీసుకోవాలనుకున్నాడు.

"నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా మనుషుల ముందు నన్ను దూడ దొంగ అన్నావు. ఇక్కడ కూడా వాళ్లే ఉన్నారు. చెప్పు."

"బావా, నాకు నిజంగా..."

"చెప్పు."

వెండెల్ టోపీ తీశాడు. "ఏమస్ నా దూడని తీసుకోలేదు" అన్నాడు.

"వెనకవాళ్లకి వినపడలేదు."

"ఏమస్ నా దూడని తీసుకోలేదు. నేను అన్నది తప్పు." నెత్తురు అంటిన చెయ్యి ముందుకి చాపాడు. "క్షమించు బావా."

ఏమస్ ఆ చేతిని చూశాడు. చాలాసేపు చూశాడు, అందరూ చూసేలా. తన రెండు చేతులూ జేబుల్లోనే ఉంచుకున్నాడు.

"మీ అక్క కూడా అరవై రోజులు తలుపు వైపే చూసింది" అన్నాడు. "పో."

వెండెల్ చెయ్యి దించుకున్నాడు. గుట్ట పక్కగా, తన ఇంటి వైపు నడిచాడు. ఎవరూ అతనితో వెళ్లలేదు.

బర్డెట్ హోయిల్ బల్లబండి ఎక్కి నిలబడి చేతికర్రతో చెక్క మీద కొట్టాడు. "విందు రోజున కొనుగోలు మాట ఎత్తకూడదని లవాన్ పెట్టిన నియమం నాకు తెలుసు. ఆ తల్లి నన్ను క్షమించాలి. ఏమస్, ఫిబ్రవరిలో నాకు నాలుగు ఆంబోతులు కావాలి. నేను వచ్చి చూడను. ఇది మంచిది అని నువ్వు చెప్పు, చాలు. నువ్వు చెప్పిన మాట తప్పయితే ఇక ఈ దేశంలో నమ్మడానికి ఏమీ మిగలదు."

"నాకు రెండు" అన్నారెవరో. "నాకూ రెండు. చూడక్కర్లేదు." చేతులు లేచాయి. అరవై ఏళ్ల ఏమస్, భార్యని పాతిపెట్టిన రోజు కూడా కళ్లు తడి చేసుకోనివాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు. మళ్లీ తిప్పి తలెత్తి చూశాడు. చూసినంత మేర తన మనుషులు. తండ్రి పేరు నిలబడింది. తన పేరు నిలబడింది. మాంసం చల్లారుతోందని ఎవరో గుర్తు చేశారు. జనం నవ్వుకుంటూ గుట్ట ఎక్కసాగారు.

"మీరు పదండి" అన్నాడు ఏమస్. "దూడ కాలు చూసి వస్తాను. వాడి దూడయినా దూడే కదా."

ఆ మాటకి కూడా చప్పట్లు కొట్టారు.

కొట్టం లోపల చల్లగా ఉంది. దూడ నాలుగు గుక్కలు తాగి పొదుగు వదిలేసింది. ఏమస్ అక్కడే ఆగిపోయాడు. మూడు రోజులు తల్లి లేని దూడ పొదుగుని అలా వదలదు. పీక్కుని తాగుతుంది. వంగి దూడ డొక్క మీద చెయ్యి వేశాడు. నిండుగా ఉంది. ఎవరో దీనికి పాలు పట్టారు. ఈ పొద్దుటే పట్టారు.

మోకాళ్ల మీద కూర్చుని కాలి కట్టు చూశాడు. శుభ్రంగా, గట్టిగా, పనితెలిసిన చెయ్యి కట్టింది. గుడ్డ తెల్లది, దాని మీద నీలి గళ్లు. లవాన్ తన చేత్తో కుట్టి వంటింటి కిటికీకి కట్టిన తెర గుడ్డ అది. అలాంటి గుడ్డ ఈ గుట్టల్లో ఇంకే ఇంట్లోనూ లేదు.

వెనక గడ్డి చప్పుడైంది. థియా నిలబడి ఉంది. అందరితో వెళ్లలేదు.

"నేనే నాన్నా" అంది.

ఏమస్ లేవలేదు.

"బుధవారం కంచె బాగుచెయ్యమని నువ్వే పంపావు కదా. తీగల్లో చిక్కుకుని ఉంది. కాలు తెగి నెత్తురు పోతోంది. దగ్గర్లో ఉన్నది ఈ కొట్టమే. లోపల పెట్టి కట్టు కట్టాను. నక్కలొస్తాయని గడియ వేశాను. రోజుకి రెండుసార్లు వచ్చి పాలు పట్టాను."

"చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? మావయ్యకి చెప్దామని రెండుసార్లు ఫోను ఎత్తాను. రెండుసార్లూ నువ్వు వంటింట్లోనే ఉన్నావు. ఆ ఇంటితో ఒక్క మాట మాట్లాడితే ఈ గడప తొక్కొద్దన్నావు కదా. ఇవాళ విందు అయ్యాక, నువ్వు జనంతో ఉన్నప్పుడు వెళ్లి చెప్దామనుకున్నాను." ఆ పిల్ల గొంతు వణకలేదు. అది తండ్రి పోలిక. "ఇందాక అందరి ముందే చెప్పాల్సింది. నువ్వు అంత సంతోషంగా ఉండటం నేను మూడేళ్లయింది చూసి. నోరు రాలేదు."

"మీ మావయ్యకి ఏమీ తెలీదన్నమాట."

"ఏమీ తెలీదు. ఈ తలుపు గురించి ఆయన చెప్పిందంతా నిజమే. ఆవు ఉత్తరానికి అరిచింది ఈ కొట్టం కోసం. ఆయన మన కోసం అనుకున్నాడు."

ఏమస్ దూడ మెడ మీద చెయ్యి ఉంచి అలాగే కూర్చున్నాడు. బయట, గుట్ట మీద నుంచి, జనం అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. మొదటి ముక్క అతను కొయ్యందే ఎవరూ తినరట.

తలుపు దగ్గర వెలుతురుకి ఎవరో అడ్డం వచ్చారు.

వెండెల్. టోపీ ఇంకా చేతిలోనే ఉంది. అతని వెనక రెండడుగుల్లో, కర్ర ఊతంగా, బర్డెట్ హోయిల్. ఏమస్‌ని భోజనానికి తీసుకుపోవడానికి తిరిగి వచ్చినట్టున్నాడు.

"మళ్లీ దెబ్బలాటకి రాలేదు" అన్నాడు వెండెల్. "సగం దూరం పోయి వెనక్కి వచ్చాను. తల తిరిగిపోతోంది బావా. ఈ గడియ నేను వెయ్యలేదు. అక్క మీద ఒట్టు. వాళ్లెవరూ నన్ను నమ్మరు, నాకు తెలుసు. కానీ నువ్వు అబద్ధం ఆడవు. నీ మీద ఎంత కోపమున్నా ఇవాళ్టిదాకా నిన్ను అబద్ధాలకోరని నేను ఏనాడూ అనలేదు. నువ్వు చెప్తే నేను వింటాను. ఈ తలుపు ఎవరు వేశారో నీకేమన్నా తెలిసిందా?"

థియా ఒక అడుగు ముందుకి వేసి నోరు తెరవబోయింది.

ఏమస్ చెయ్యెత్తి కూతుర్ని ఆపాడు. అతను ఏం చెప్పాడో వచ్చే వారం.